ధర్మకాంటా గదిలో నేను

శంకరంపేట శివారులో ఒక ధర్మకాంటా గదిలో ఉండే కంప్యూటర్‌ని నేను. వడ్ల ట్రాక్టర్ కాంటా ఎక్కగానే కింది లోడ్‌సెల్‌లు పంపే బరువు అందుకుంటాను. నిండు బరువులోంచి ఖాళీ బరువు తీసేసి, నికర బరువు చీటీ కొడతాను. నన్ను నడిపేది లినక్స్. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ విద్యార్థిగా ఉండగా మొదలుపెట్టిన కెర్నల్ అది.

కెర్నల్‌కు పెద్ద తప్పులు రెండు రకాలుగా ఎదురవుతాయి. ఒకటి ‘ఊప్స్’. అప్పుడు నడుస్తున్న ప్రోగ్రాంను చంపేసి, వీలైతే మిగతా పని సాగిస్తుంది. ఇక సాగడం కుదరదనుకుంటే ‘ప్యానిక్’, ఉన్నచోటే ఆగిపోతుంది. ఎంతసేపటికి రీబూట్ అవ్వాలో చెప్పే సెట్టింగు మామూలుగా 0. ఎవరో వచ్చి బటన్ నొక్కేదాకా అంతే.

యాసంగి కోతల్లో ఒక రాత్రి అదే అయింది. తెర బిగుసుకుపోయింది. పాత కీబోర్డు మీద క్యాప్స్ లాక్, స్క్రోల్ లాక్ లైట్లు ఆరుతూ వెలుగుతున్నాయి. బయట ట్రాక్టర్ల లైను.

“ఏంది తమ్మీ, మిషన్ సచ్చిందా?” అన్నాడు ఓనరు.

“సావలే అన్నా, ఆగింది. తప్పు తూకం రాసుడు కంటే ఆగుడే నయం” అన్నాడు మెకానిక్ పిల్లగాడు.

నిజమే. చెడిన మెమరీతో మొండిగా నడిస్తే రైతు చీటీలో అంకె మారొచ్చు, పాత లెక్కల ఫైలూ పాడవ్వొచ్చు.

ఆ పిల్లగాడు ఊప్స్ వచ్చినా ప్యానిక్ అయ్యేలా ఒక సెట్టింగును 1 చేశాడు. ఆ 0ను 10 చేశాడు, అంటే ఆగిన 10 సెకన్లకు నాకు నేనే రీబూట్ అవుతాను. కేడంప్ అనే ఏర్పాటు కోసం ర్యామ్‌లో 256 ఎంబీ విడిగా పెట్టాడు. అందులో రెండో కెర్నల్ ముందే ఎక్కి ఉంటుంది. మొదటిది పడగానే అది లేచి, పడినదాని మెమరీని ఉన్నదున్నట్టు డంపుగా డిస్కులో భద్రం చేసి రీబూట్ చేస్తుంది. 10 సెకన్ల లెక్క అది కుదరనప్పటికే. 2005లో 2.6.13 కెర్నల్‌తో వచ్చిన ఈ ఏర్పాటులో బెంగళూరు ఐబీఎం ఇంజనీర్ల పని కూడా ఉంది.

తర్వాత పడినప్పుడల్లా డంపులు దొరికాయి. ఒకదాంట్లో తప్పు ప్రింటర్ వైపు, ఇంకోదాంట్లో డిస్కు వైపు. ఇట్లా పొంతన లేకపోయేసరికి అతనికి ర్యామ్ మీద అనుమానం వచ్చింది. రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపితే చెడిన ముక్క పట్టుబడింది. లేవడం ఒక్కటే నేర్పి ఉంటే, ఆ రోగాన్ని రీబూట్ల చాటున దాచుకుని అట్లనే తూచేదాన్ని.

కొత్త ర్యామ్ వేశాక కూడా అతను ఆ సెట్టింగులు తీయలేదు. రేపు చెడేది ఇంకేదో కావచ్చు. ముందు తూకం ఆగాలి, కారణం డిస్కుకెక్కాలి, ఆ తర్వాతే మళ్లీ కాంటా నడవాలి.