డిక్కీ మీద నా చోటు

గాలి సంగతి చెప్పకుండా నా కథ మొదలుపెట్టలేను. కారు జోరుగా పోతున్నప్పుడు గాలి బానెట్‌ని, పైకప్పుని ఒరుసుకుంటూ వెనక్కి వస్తుంది. వెనుక అద్దం దగ్గర కిందికి వంగి డిక్కీ మీదికి జారుతుంది. ఆ వంపు తిరిగే చోట గాలి వేగం పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. పైన ఒత్తిడి తగ్గితే బండి వెనుక భాగం లేవాలని చూస్తుంది. విమానం రెక్క పైకి లేచేది కూడా ఇలాగే. విమానానికి అది ప్రాణం, కారుకి ప్రమాదం. వెనుక చక్రాలు రోడ్డును ఎంత గట్టిగా అదిమి పట్టుకుంటే బండి మలుపులో అంత నిలకడగా ఉంటుంది. జారివచ్చే ఆ గాలికి డిక్కీ అంచున అడ్డం నిలబడటం నా పని. అది నన్ను తాకి నెమ్మదించి నా ముందు కాస్త ఒత్తిడి పేరుకుంటుంది. ఆ ఒత్తిడే డిక్కీని కిందికి అదుముతుంది. నన్ను స్పాయిలర్ అంటారు.

నా వంశం రేసు మైదానాల్లో పుట్టింది. 1961లో ఫెరారీ 246 ఎస్‌పీ అనే రేసు కారును ఇటలీలో పరీక్షిస్తున్నప్పుడు, రిచీ గింథర్ అనే అమెరికన్ డ్రైవరు దాని తోక అంచున ఓ రేకు ముక్కను నిలబెట్టించాడు. పొగ సుడి తిరిగి డ్రైవరు కూర్చునే చోటికి రాకుండా ఆపడానికి పెట్టారని చెబుతారు. పెట్టాక చూస్తే బండి నిలకడే మెరుగైంది. 1972లో పోర్షే వాళ్లు 911 కరేరా ఆర్ఎస్ 2.7కి వెనుక మూత మీద బాతు తోకలా పైకి లేచిన అంచు పెట్టారు. ఆ కారుకి వెనుక ఉండేది ఇంజిను కాబట్టి ఆ మూత కింద సామాను పెట్టుకునే చోటు లేదు. రేసులకి అర్హత రావాలంటే 500 కార్లు చేయాలి. అవి అమ్ముడుపోతాయో లేదోనన్న చోట చివరికి 1580 కార్లు తయారయ్యాయి.

వీళ్లందరికంటే నాకు ఆప్తుడు అనిపించేది ఆడీ టీటీ స్పాయిలర్. 1998లో వచ్చిన ఆ కారు ఒళ్లంతా నున్నటి గుండ్రదనం. వెనుక భాగం మీద గాలికి అడ్డుపడే అంచు ఒక్కటి కూడా లేదు. యూరప్‌లో గంటకి 180 కిలోమీటర్లు దాటిన వేగంలో, ఉన్నట్టుండి లేన్ మారేటప్పుడో పదునైన మలుపులోనో కొన్ని కార్లు అదుపు తప్పాయి. మనుషులు చనిపోయారు. 1999 చివర్లో, 2000 మొదట్లో కంపెనీ ఆ కార్లను వెనక్కి పిలిపించింది. సస్పెన్షన్ మార్చింది, నిలకడను కాపాడే ఎలక్ట్రానిక్ వ్యవస్థను చేర్చింది. వాటితోపాటు వెనుక ఓ చిన్న స్పాయిలర్‌ను కూడా బిగించింది. అమ్ముడుపోయి రోడ్డెక్కిన కార్లని మళ్లీ షెడ్డుకి రప్పించి బిగించారంటే దాని పని ఎంత అవసరమైనదో చూడండి. నన్ను సోకు కోసం పుట్టినవాడిగా చూసే ప్రతివాళ్లకీ ఆ అన్న కథ చెప్పాలనిపిస్తుంది.

ఇక నా సంగతి. ఢిల్లీ దగ్గరి ఓ ఫ్యాక్టరీలో నన్ను ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేశారు. వేడికి మెత్తబడిన ప్లాస్టిక్ గొట్టం రెండు అచ్చు ముక్కల మధ్యకి దిగుతుంది, అచ్చు మూసుకుంటుంది, లోపలికి గాలి ఊదుతారు. ప్లాస్టిక్ ఉబ్బి అచ్చు గోడలకి అంటుకుని అక్కడే గట్టిపడుతుంది. గాలితో పనిచేయాల్సినవాడిని గాలే తయారుచేసిందన్నమాట. లోపల బోలు కాబట్టి నాకు బరువు తక్కువ. అడుగున బోల్టులు ఎక్కడానికి ఇత్తడి మరలు పొదిగారు, నడుమ బ్రేకు లైటుకి చోటు వదిలారు. రంగు వేయకుండానే అట్టపెట్టెలో పెట్టి పార్సిల్ లారీ ఎక్కించారు. నేను దిగింది విజయవాడ ఆటోనగర్‌లో.

ఆటోనగర్ గురించి కొత్తగా చెప్పేదేముంది! లారీ బాడీలు కట్టే సుత్తి దెబ్బలు, వెల్డింగ్ మెరుపులు, టింకరింగ్ షెడ్లు. అక్కడ ఓ షెడ్డులో నన్ను పెట్టెలోంచి తీశారు. ఎదురుగా ముత్యపు తెలుపు సెడాన్ నిలబడి ఉంది. పక్కన ఇద్దరు: కారు నడిపే కుర్రాడు, కారు కాగితాలన్నీ సంచిలో పెట్టుకొచ్చిన వాళ్ల నాన్న. ఆయన ఎన్నో ఏళ్లు లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమస్తాగా చేసినవాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆయనకి నోటికొచ్చు. కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పిందని కొడుక్కి దారిపొడుగునా వినిపించుకుంటూ వచ్చాడట. ఆ మోడల్‌కి కంపెనీయే అమ్మే యాక్సెసరీని నేను కావడంతో ఆ అభ్యంతరం అంతటితో ఆగింది. ఆయన భయం మాత్రం వేరే ఉంది.

"కంపెనీవాడు ఒక్క చిల్లు లేకుండా ఇచ్చిన బండిరా ఇది. నువ్వు డబ్బిచ్చి మరీ చిల్లులు పెట్టిస్తానంటున్నావు. వానాకాలం నీళ్లు దిగి తుప్పు పడితే?"

"మేస్త్రీ గారినే అడుగుదాం నాన్నా."

మేస్త్రీ నన్ను బోర్లా తిప్పి, ఇత్తడి మరలు వేలితో తడిమి చూశాడు. "అంచు మీద పడుకునే పల్చటి లిప్పు స్పాయిలరైతే టేపు సరిపోద్ది సార్. ఇది కాళ్ల మీద నిలబడేది, లోపల లైటు కూడా ఉంది. హైవే మీద ఊడిందనుకోండి, వెనక బైకు మీద వచ్చేవాడి గతేంటి? బోల్టు ఉండాల్సిందే. తుప్పంటారా, చిల్లు పెట్టి దాని అంచు పచ్చిగా వదిలేస్తే పట్టుద్ది. నేను వదలను."

వెనక బైకు మీద వచ్చేవాడి మాట విన్నాక పెద్దాయన మరి మాట్లాడలేదు. కాగితాల సంచి కారు సీట్లో పెట్టి, స్టూలు లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు.

మొదటి పని రంగు. నా ఒంటి మీద అచ్చు కలిసిన చోట సన్నటి గీత ఉంటుంది. పెయింటర్ దాన్ని వాటర్ పేపర్‌తో, ముందు 400, తర్వాత 600 నంబరుతో నీళ్లు చల్లుకుంటూ అరగదీశాడు. వేళ్లతో తడిమితే గీత తగలకూడదు. కళ్లకి కనబడనిది వేలికి తగులుతుంది, వేలికి తగిలిందంటే మెరుపు వేశాక అందరి కళ్లకీ కనబడుతుంది. తర్వాత ప్రైమర్, మళ్లీ అరగదీత. అసలు కష్టం ముత్యపు తెలుపుతో వచ్చింది. దానికి మూడు పూతలు: కింద తెలుపు, మధ్యలో ముత్యపు మెరుపు, పైన క్లియర్ కోట్. మెరుపు పూత ఒక్కటి ఎక్కువైనా తక్కువైనా ఎండలో తేడా పట్టిచ్చేస్తుంది. కంపెనీ కోడు చూసి రంగు కలిపితే కొత్త కారు రంగు వస్తుంది. ఈ కారేమో కొన్నేళ్లు ఎండలో తిరిగి తన రంగు తాను మార్చుకుంది. అందుకని పెయింటర్ కారు పెట్రోలు మూతను ఊడదీసుకుని తన బల్ల మీద పెట్టుకున్నాడు. చిన్న రేకు ముక్కల మీద రంగు కొట్టి, ఆరనిచ్చి, ఒక్కో ముక్కనీ ఆ మూత పక్కన పెట్టి గుమ్మం దగ్గర వెలుతురులో వాల్చి వాల్చి చూశాడు. ట్యూబ్‌లైటు కింద ఒప్పుకున్న ముక్కను ఎండలో కాదన్నాడు. ఎండలో ఒప్పుకున్నదాన్ని నీడలో మళ్లీ చూశాడు. రెండు చోట్లా కలిసిన తర్వాతే స్ప్రే గన్ నా వైపు తిప్పాడు. ఈ పనికి బిల్లులో ఒక్క అక్షరం ఉండదు. నా ఒంటి మీద ఉన్న అందమంతా ఆ రేకు ముక్కల దగ్గర ఆయన పడిన తర్జనభర్జనే.

రంగు గట్టిపడ్డాక బిగింపు. కారును షెడ్డు నీడలోకి తోయించారు. మండే ఎండలో డిక్కీ రేకు చెయ్యి పెట్టనివ్వదు. అలాంటి రేకు మీద కొలతా సరిగా కుదరదు, టేపూ సరిగా పట్టదు. డిక్కీని ముందు షాంపూతో, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపిన గుడ్డతో తుడిచారు. మైనం పాలిష్ జాడ మిగిలితే ఏ టేపూ నిలవదు. డిక్కీ నిండా మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద నాతోపాటు వచ్చిన కాగితపు నమూనా పరిచారు. మేస్త్రీ నడుమ గీత గీసి, అక్కడి నుంచి రెండు చివర్లకీ కొలిచాడు. తర్వాత చివర్ల నుంచి నడుముకి కొలిచాడు. నన్ను ఉత్తినే పెట్టి చూసి, పది అడుగులు వెనక్కి వెళ్లి, గొంతుక్కూర్చుని చూశాడు. ఎడమవైపు వెంట్రుకవాసి జరిపించాడు.

డిక్కీకి రెండు పొరలుంటాయని పెద్దాయనకి అక్కడే తెలిసింది. పై రేకు మిల్లీమీటరు మందం కూడా ఉండదు, దాని కింద లోపలి చట్రం. పై రేకుకి బోల్టు పట్టేంత చిల్లు చాలు. లోపలి చట్రానికి పాన దూరేంత పెద్దది కావాలి. మేస్త్రీ గుర్తు మీద సెంటర్ పంచ్‌తో చిన్న దెబ్బ వేశాడు, డ్రిల్లు మొన జారకుండా. బిట్ చుట్టూ టేపు చుట్టి లోతుకి హద్దు పెట్టుకున్నాడు. ముందు సన్నటి బిట్, తర్వాత లావుది. డ్రిల్లు కూత పెట్టగానే పెద్దాయన లేచి నిలబడ్డాడు. రేకు రజను చిన్న బ్రష్‌తో ఊడ్చేశారు. ఒక్క ఇనుప తునక మిగిలినా వానకి తుప్పెక్కి చుట్టూ గోధుమరంగు మరక వేస్తుంది. చిల్లుల అంచులు రాపిడి పెట్టి నున్నగా చేసి, సన్నటి కుంచెతో తుప్పు పట్టని ప్రైమర్, దాని మీద రంగు, పండగపూట వేలి కొసలకి గోరింటాకు పెట్టినంత శ్రద్ధగా అద్దాడు మేస్త్రీ. అది ఆరేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని ప్రతి చిల్లులోకీ తొంగిచూశాడు.

నా పాదాల కింద రబ్బరు ప్యాడ్లు, బోల్టుల చుట్టూ సిలికాన్, అంచుల వెంబడి నురుగులా మెత్తగా ఉండే డబుల్ సైడ్ టేపు. ఆ టేపు మీద ఎర్ర పొర ఉంటుంది. మొత్తం ఒకేసారి పీకేస్తే నన్ను పెట్టిన చోటల్లా అంటుకుపోతాను, సర్దడానికి వీలుండదు. అందుకని రెండు కొసల దగ్గర కాస్త కాస్త ఊడదీసి, ఆ తోకలు బయటికి కనబడేలా మడిచిపెట్టారు. నన్ను దింపి, బోల్టులు చిల్లుల్లో కూర్చున్నాయని తేల్చుకున్నాక, ఒకరు నన్ను పట్టుకుంటే ఇంకొకరు ఆ ఎర్ర తోకలను మెల్లగా లాగేశారు. తర్వాత ఈ చివర నుంచి ఆ చివరకి అరచేతులతో అదిమారు. నట్లు లోపలి నుంచి బిగించేటప్పుడు మేస్త్రీ కుర్రాళ్లను దగ్గరకి రానివ్వలేదు. ఒక్క చుట్టు ఎక్కువైతే రేకు లోపలికి నొక్కుకుపోతుంది, లేదా నా ఇత్తడి మర ప్లాస్టిక్‌లోంచి తిరిగిపోతుంది. ఎక్కడ ఆపాలో ఆయన మణికట్టుకి తెలుసు.

బ్రేకు లైటు తీగ మిగిలింది. దాన్ని రబ్బరు గ్రొమెట్ గుండా లోపలికి తీసి, డిక్కీ మడతబందు దగ్గర కొంచెం వదులు ఉంచారు. తీగ బిగుతుగా ఉంటే డిక్కీ తెరిచి మూస్తున్నకొద్దీ ఓ రోజు తెగుతుంది. పెద్దాయన్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కమన్నారు. ఎర్రటి వెలుగు వచ్చింది. బకెట్టు నీళ్లు నా మీద పోసి, డిక్కీ లోపల పాత పేపరు పరిచి తడి పడిందేమో చూశారు. పేపరు పొడిగానే ఉంది. "ఆ టేపు పూర్తిగా పట్టడానికి 72 గంటలు. అందాకా సర్వీసింగ్ నీళ్లు కొట్టించకండి, హైవే ఎక్కకండి" అన్నాడు మేస్త్రీ. కుర్రాడి మొహం వాడిపోయింది. పెద్దాయన మాత్రం ఆ మాటకి కట్టుబడ్డాడు. కారు తాళం మూడు రోజులూ ఆయన జేబులోనే ఉంది.

బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో, బందరు రోడ్డు మీద నా వల్ల గాలికి జరిగేదేమీ లేదు. ఆ మాట నేనే చెప్పాలి. గాలి బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 50లో ఉన్నదానికి 100లో నాలుగింతలు. ఊళ్లో నేను చేసే పనల్లా ఆ మూడో బ్రేకు లైటే. వెనక ఆనుకుని వచ్చేవాడి కంటికి ఎదురుగా వెలగడం చిన్న పనని నేననుకోను. అమెరికాలో 1986 మోడల్ నుంచి ప్రతి కొత్త కారుకీ నడుమన ఆ లైటు తప్పనిసరి చేశారు. హైదరాబాద్ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, పరిమితి 100కి దగ్గరయ్యాక మాత్రం గాలి నా మీద ఆనడం తెలుస్తుంది. అక్కడ కూడా నేను చేసేది కొంచెమే. అరిగిన టైర్లకి, మలుపులో తిప్పిన తొందరపాటు స్టీరింగుకి నేను మందు కాను. నన్ను చూసుకుని యాక్సిలరేటర్ తొక్కే కుర్రాళ్లను చూస్తే నాకు గుండె జారుతుంది. మా వంశం పుట్టింది బండిని నేలకి అదిమి ఉంచడానికి. ఎగరనివ్వడానికి కాదు.

పెద్దాయన ఇప్పటికీ కారు కడిగినప్పుడల్లా నా అంచు వెంబడి గోరు నడిపించి చూస్తాడు, టేపు ఎక్కడైనా లేచిందేమోనని. తొలి వానాకాలం అయిపోగానే డిక్కీ లోపలి అట్ట విప్పించి చిల్లులన్నీ టార్చి వేసి చూశాడు. మొన్న పక్కింటి అబ్బాయి తన కారుకీ స్పాయిలర్ పెట్టించుకుంటానని, మంచి షాపు చెప్పమని అడగడానికి వచ్చాడు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతున్నాయని, బిగించడానికి ఎంత అడుగుతారో తెలిస్తే చాలని అన్నాడు.

"రేటు తర్వాత మాట్లాడుకోవచ్చులే బాబూ" అన్నాడు పెద్దాయన, నా మీద చెయ్యి వేసి. "చిల్లు అంచుకి ప్రైమర్ పూస్తాడా లేదా, అది అడుగు ముందు."