లక్డీకాపూల్‌లో అజ్ఞాతవాసం

మా దర్శిలో హైదరాబాదు పోతున్నానంటే ఏం పని మీద అని ఎవరూ అడగరు. "యాడ దిగుతున్నావ్?" అంటారు. బస్సు దిగడం, బసకు దిగడం రెండూ అందులోనే ఉన్నాయి. మొదటిది డ్రైవరు దయ. రెండోదాని మీద నేను ముప్పయ్యేళ్ళుగా పరిశోధన చేస్తున్నాను. ఖర్చులన్నీ నావే.

దర్శిలో రాత్రి ఎక్కి కూర్చుంటే నరసరావుపేట, పిడుగురాళ్ళ, మిర్యాలగూడ నిద్రలో దాటిపోతాయి. తెల్లారుజామున నాలుగున్నరకు "ఎల్బీనగర్, ఎల్బీనగర్" అని క్లీనరు పాడే సుప్రభాతంతో మెలకువ వస్తుంది. అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. లాడ్జీల్లో రెండు మతాలున్నాయి. మధ్యాహ్నం పన్నెండుకు ఖాళీ చెయ్యమనేది ఒకటి, ఇరవై నాలుగు గంటలిచ్చేది రెండోది. మొదటి మతంలో నాలుగున్నరకు చేరితే పన్నెండు కొట్టేసరికి ఒక రోజు అద్దె ఆవిరి. రెండో మతంలో చేరితే మర్నాడు నాలుగున్నరకే, కోడి కూడా కూయకముందే, కుర్రాడొచ్చి తలుపు బాదుతాడు. అందుకని నేను మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దాకా వెళ్ళి, మూసీ సుగంధం పీలుస్తూ ఏడింటిదాకా బల్ల మీద కూర్చుంటాను. ఆ బల్ల మీద నాలాంటి ఆర్థికవేత్తలు చాలామంది కనబడతారు.

ఇక పేటల సంగతి. మొదట్లో అమీర్‌పేట అనుకున్నాను. ఎటు పోవడానికైనా నడుమ ఉంటుంది. టిఫిను బండ్లు చౌక. కానీ అక్కడ వయసును ఎవరూ పట్టించుకోరు. యాభై దాటిన నేను మైత్రీవనం ముందు నుంచి నడిచిపోతే నలుగురు కుర్రాళ్ళు నాలుగు కోచింగు కరపత్రాలు చేతిలో పెట్టారు. ఒకడైతే "మూడు నెలల్లో ఉద్యోగం అంకుల్, డెమో ఫ్రీ" అని ఇరవై గజాలు వెంటబడ్డాడు. నేను దిగిన చోట ముగ్గురు కుర్రాళ్ళు రాత్రి రెండింటిదాకా ఇంగ్లీషులో తమ గురించి తాము చెప్పుకుంటూనే ఉన్నారు. ఇంటర్వ్యూకట. తెల్లారేసరికి వాళ్ళ బలాలు, బలహీనతలు నాకు కంఠతా వచ్చేశాయి.

తర్వాత నాంపల్లి. స్టేషను పక్క, పాత పేట, పాత ధరలు. ఆ పేటకు పోయేవాడు పంచాంగం చూసుకుని పోవాలని నాకెవరూ చెప్పలేదు. జనవరి ఒకటి నుంచి నెలన్నర నుమాయిష్ ఎగ్జిబిషన్. 1938 నుంచీ ఉన్న ఆచారం. అది తప్పించుకుని తెలివిగా జూన్‌లో వెళ్ళాను. నేను దిగిన మర్నాడే మృగశిర కార్తె. ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసానికి చేప మందు వేసే రోజు. దేశం నలుమూలల నుంచీ వచ్చిన ఆయాసమంతా ఆ రాత్రి మా అంతస్తులోనే మకాం వేసింది. ఒక గదిలో దగ్గు మొదలైతే ఎదుటి గది అందుకునేది, మెట్ల దగ్గర మూడో గొంతు ముక్తాయింపు ఇచ్చేది. పాపం, వాళ్ళనేమనగలం? తెల్లారి అందరూ కొర్రమీను పిల్లల కోసం వరసలో నిలబడ్డారు. నేను నిద్ర మాత్ర కోసం మందుల షాపు దగ్గర నిలబడ్డాను.

గది విషయంలో మా పడమటి ప్రకాశం వాళ్ళకు పెద్ద కోరికలుండవు. పరుపు నొక్కి చూడం, కుళాయి తిప్పి చూస్తాం. దర్శికి సాగర్ కుడి కాలువ ఉందంటే ఉంది. మార్కాపురం వైపు వాళ్ళు వెలిగొండ సొరంగం వంక చూస్తూ చూస్తూ తాతలయ్యారు. ధార గట్టిగా పడితే చాలు, గోడ మీది చెమ్మ ఏ దేశం పటంలా ఉన్నా మాకు సమ్మతమే. గది బుక్ చేసే ఫోను యాప్‌లో "కిటికీ ఉంది" అని రాసి ఉంటే అదీ నిజమే. తెరిస్తే పక్క లాడ్జీ కిటికీ. అందులోంచి ఒకాయన పళ్ళు తోముకుంటూ మనల్ని చూస్తుంటాడు. అద్దె మాత్రం 999. రోజుకు వెయ్యి దాటని గదికి 2022 జూలై దాకా జీఎస్టీ లేదు. ఆ మినహాయింపు పోయినా ఆ అంకె మీద మోజు పోలేదు.

ఇంతకీ అసలు ఇబ్బంది అద్దె కాదు, బాబాయి.

మా బాబాయి కేపీహెచ్‌బీ కాలనీలో ఉంటాడు. లాడ్జీలో దిగానని తెలిస్తే "మేమేమన్నా చచ్చామా?" అంటాడు. పోనీ వాళ్ళింట్లో ఉచితంగా ఉందామా అంటే, లెక్క కట్టి చూశాను. రెండు కిలోల స్వీట్లు, ఐదు కిలోల కందిపప్పు, పిల్లల చేతుల్లో చెరో ఐదొందలు. పైగా సంక్రాంతికి వాళ్ళు దర్శి వచ్చి వారం ఉంటారు. ఆ ఉచితాన్ని భరించే తాహతు నాకు లేదు. కాబట్టి మంచి పేట అంటే ఆసుపత్రికి దగ్గరగా, చుట్టాలకు దూరంగా ఉండేది. ఆ లెక్కన మొన్న లక్డీకాపూల్ తేలింది. పేరుకు కట్టె వంతెన, ఇప్పుడు నెత్తిమీద మెట్రో. నా మోకాలు చూపించుకోవాల్సిన పంజాగుట్ట మూడు స్టేషన్ల అవతల. బాబాయి అదే ఎర్ర లైనులో చాలా స్టేషన్ల అవతల. పాండవులకు కూడా ఇంత మంచి చోటు దొరికి ఉండదు.

కౌంటరు కుర్రాడు ఆధార్ కార్డు తిప్పి చూశాడు. "దర్శా సార్? మాది పొదిలి. దర్శిలో ఎవరి తాలూకు?"

ఈ ప్రశ్నకు మా వైపు వాడెవడూ అబద్ధం చెప్పలేడు. పౌరుషం అడ్డొస్తుంది. నాన్న పేరు, తాత పేరు, పొలం ఏ కాలువ కిందో కూడా చెప్పేశాను. వాళ్ళక్క కేపీహెచ్‌బీలో బాబాయి వాళ్ళ పై అంతస్తులోనే ఉంటుందని కుర్రాడు సంబరంగా చెప్పాడు. నేను గదిలోకి పోయి కుళాయి తిప్పానో లేదో, ఫోను మోగింది.

"ఏరా, మేమేమన్నా చచ్చామా?"

గంటన్నరలో బాబాయి క్యారేజీతో దిగాడు. పప్పు, వంకాయ కూర, పెరుగు. నేను తలొంచుకుని తింటుంటే ఆయన గదంతా కలియతిరిగాడు. కుళాయి తిప్పాడు. ఫ్యాను చూశాడు. మంచం మీద కూర్చుని, కాస్త ఒరిగి, మెల్లగా అన్నాడు. "ఇంట్లో మీ పిన్ని పుట్టింటోళ్ళు ఎనిమిది మంది దిగార్రా. నాలుగు రోజుల్నుంచి సోఫాలోనే పడుకుంటున్నా. ఈ పూటకు ఈడనే ఉండనా?"

ఇద్దరం కిందికి దిగాం. బాబాయి ఆధార్ తీసిచ్చాడు. పాతికేళ్ళుగా హైదరాబాదులో ఉంటున్నా అందులో అడ్రసు దర్శే. కుర్రాడు జిరాక్సు తీసుకుని, పుస్తకంలో పేరు రాసుకుని, ఎంతో ఆప్యాయంగా అన్నాడు.

"ఎక్స్‌ట్రా బెడ్డు మూడొందలు బాబాయ్."