వాతావరణ సదస్సులో నెగ్గుకురావడం ఎలా?

కొత్తగా ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సుకు వెళ్తున్న ప్రతినిధిగారూ, థర్మామీటరు ఇంట్లో వదిలేసి నిఘంటువు సర్దుకోండి. అక్కడ తూకం వేసేది మాటల్నే.

2015 పారిస్ కథ కంఠతా పట్టండి. సంపన్న దేశాలు ఉద్గారాలు తగ్గించే చోట ఒప్పందంలో ‘షల్’ అని పడింది. అంటే చేసి తీరాల్సిందే. అలా ఉంటే సెనేట్ గడప ఎక్కాల్సి వస్తుందని అమెరికాకు గుబులు. సభ ఆగిపోయింది. చివరికి సచివాలయం వాళ్లు అచ్చుతప్పులు దిద్దుతున్నట్టు చదువుకుంటూ పోయి, దాన్ని ‘షుడ్’గా మార్చేశారు. అంటే, చేస్తే మంచిది. కాబట్టి పెద్ద మార్పు కావాలంటే సవరణ అని నోరు జారకండి, అచ్చుతప్పనండి. 2021లో గ్లాస్గోలో బొగ్గు ‘మానేయడం’ కాస్తా చివరి ఘడియలో ‘తగ్గించుకోవడం’ అయింది. ఆ మార్పు చదివింది మన మంత్రే. సభాధ్యక్షుడు అలోక్ శర్మకు గొంతు పూడుకుపోయింది. మీరు మాత్రం గుండె రాయి చేసుకోండి.

తిరుగు టికెట్టుకు తొందరపడొద్దు. 2019లో మాడ్రిడ్‌లో శుక్రవారం ముగియాల్సిన సభ ఆదివారం దాకా సాగింది. టికెట్లు మార్చుకునే స్తోమత లేనివాళ్లు వెళ్లిపోతారు, హాలు హాయిగా ఉంటుంది. నిర్ణయం ఖాయమని కొట్టే అధ్యక్షుడి సుత్తి మీ చేతికొస్తే మరీ సులువు. 2023లో దుబాయ్‌లో చిన్న దీవుల వాళ్లు హాల్లోకి రాకముందే సుత్తి పడింది. మరుసటి ఏడు బాకూలో, మాట్లాడతామని ముందే అడిగామన్న మనవాళ్లకు సుత్తి పడ్డాకే మైకు అందింది. అక్కడే వాతావరణ సాయంగా పేద దేశాలు ఏటా 1,30,000 కోట్ల డాలర్లు అడిగితే 2035 నాటికి 30,000 కోట్లన్నారు. అంతకుముందు సంపన్న దేశాలు 2020కల్లా ఏటా ఇస్తామన్న 10,000 కోట్లు 2022లో గానీ సమకూరలేదు, అదీ అప్పుల్ని కూడా లెక్కలో కలిపి. ఇస్తామన్న ఏడాది, ఇచ్చిన ఏడాది ఒకే కాగితం మీద రాయకండి.

ఓటింగ్ ఊసెత్తకండి. 1995 బెర్లిన్ తొలి సభ నుంచి ఓటింగ్ నియమం మీదే ఒప్పందం కుదరలేదు. అందుకే అందరూ సరేనంటేనే ఏదైనా. బండి ఆపడానికి ఒక్క చమురు దేశం చాలు. అయితే తువాలు లాంటి చిట్టి దీవుల దేశం అగ్రరాజ్యాల ఎదుట సమానంగా కూర్చునే చోటూ ఇదే. పారిస్‌కు ముందు ఈ శతాబ్దాంతానికి మూడు, మూడున్నర డిగ్రీలన్న వేడి అంచనా ఇప్పుడు మూడు లోపుకు దిగింది. ఈ రెండు సంగతులూ పైకి అనకండి, సభలు దండగనేవాళ్ల నోట్లో మట్టి కొట్టినట్టవుతుంది.

అందరూ ఒక్క మాట మీదకు ఎప్పుడొస్తారంటారా? 2025లో బెలేమ్‌లో చూశాం. తుది పత్రంలో శిలాజ ఇంధనాల పేరైనా ఎత్తడానికి ఒప్పుకోలేదు. కానీ నవంబర్ 20న సదస్సు ప్రాంగణంలో మంటలు లేచినప్పుడు, ఏ పదం మీదా పేచీ పెట్టకుండా అన్ని దేశాలూ ఒకేసారి బయటికి నడిచాయి.