పద్నాలుగు రోజుల పాలనాధికారికి ఒక అర్జీ

మహారాజశ్రీ గ్రెపోలిస్ అనే ఆన్‌లైన్ ఆటలోని ద్వీపాల పాలనాధికారి గారి దివ్యసముఖమునకు, అనకాపల్లి జిల్లా నర్సీపట్నం వాస్తవ్యుడైన ఒక ఆటగాడు విన్నవించుకునే బహిరంగ లేఖ.

విషయం: జీతం పుచ్చుకునే సలహాదారులు సలహా ఇవ్వకపోవడం గురించి.

అర్జీదారు తమరికి కొత్తవాడు కాడు. పగలు ఊళ్ళో పదిమందిలో ఒకడు. పొద్దుగూకాక గ్రీకు సముద్రంలో కొన్ని నగరాలకు ఏలిక. కలప, రాయి, వెండి లెక్కలు చూసుకుంటాడు. సెనేట్ తలుపు తెరిచి ఏం కట్టాలో పురమాయిస్తాడు. ఆటగాడు పడుకున్నా ఆట పడుకోదు కాబట్టి శత్రువు ఓడలు బయలుదేరాయన్న కబురు తెల్లవారుజామున రావడం మామూలే. ఈ పాట్లు పడలేకే తమరిని కుదుర్చుకున్నాడు. తమరి వెల రెండు వారాలకు వంద బంగారు నాణేలు. ఆ బంగారం కోసం చివరికి అసలు రూపాయలే తియ్యాల్సి వస్తుందని వేరే చెప్పనక్కర్లేదు.

తమరు వచ్చాక సుఖంగానే ఉంది, కాదనడం అన్యాయం. తమరు లేనప్పుడు కట్టడాల వరసలో రెండే గడులు. తమరు కొలువులో చేరగానే ఏడు. నగరాలన్నీ ఒకే పట్టికలో కనిపిస్తాయి. మరి ఆ రెండు గడుల హద్దు గీసిందెవరు? పోసైడాన్ గీయలేదు. హాంబర్గ్‌లో కూర్చుని ఈ ఆట తయారుచేసిన ఇన్నోగేమ్స్ వారే గీశారు. తమరు కూడా వారి మనిషే. గుమ్మానికి అడ్డంగా బండ దొర్లించి, దాటించినందుకు కూలి అడిగిన చందంగా ఉంది ఈ కొలువు. పైగా అదే పనిని ఊళ్ళో కుర్రాడెవడైనా రాసిన ప్రోగ్రాం చేసిపెడితే అది నేరం, ఖాతా మూసేస్తారు.

2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను చట్టం చేసి నిషేధించింది. ఆ చట్టం తమరి జోలికి రాదు. పందెం కాసి గెలుచుకునే సొమ్మేదీ ఇందులో లేదు, పోయే సొమ్మే ఉంది.

అసలు ఫిర్యాదు డబ్బు గురించి కాదు. తమరూ, వర్తకుడూ, సేనాపతీ, కెప్టెనూ, ప్రధాన పూజారిణీ కలిసి ఐదుగురు. ఐదుగురిలో ఒక్కరైనా ఇన్నాళ్ళలో ఒక్క మాట సలహా చెప్పారా? ఏడో గడిలో గోదాము పెట్టాలా, ప్రాకారం పెట్టాలా అని అడిగితే తమరు పలకరు. ఏది పెడితే అది కట్టించడమే తమరి పని. గుమస్తా పని గౌరవమైనదే, దానికి మంత్రి కిరీటం ఎందుకన్నదే సందేహం. 1996లో వచ్చిన సివిలైజేషన్ ఆట రెండో భాగంలో సలహాదారులు వేషాలు వేసుకుని తెర మీదకొచ్చేవారు. ప్రజల సంతోషం చూసే ఆయనైతే ఎల్విస్ ప్రెస్లీలా తయారై వచ్చేవాడు. దేశంలో అరాచకం వస్తే అందరూ ఒకరి మీద ఒకరు అరుచుకునేవారు. వాళ్ళు చెప్పింది సగం పనికిరానిదే కావచ్చు, చెప్పడం మాత్రం చెప్పేవారు. అదీ ఉచితంగా.

తమరి వంశవృక్షం గురించి కూడా అర్జీదారు కొంత విన్నాడు. నగరాన్ని ఆటగా మార్చి 1989లో సిమ్‌సిటీ తెచ్చిన విల్ రైట్, ఎంఐటీ ఆచార్యుడు జే ఫారెస్టర్ 1969లో రాసిన ‘అర్బన్ డైనమిక్స్’ చదివాడు. ఆ పుస్తకం వెనక బోస్టన్ నగరానికి మేయర్‌గా చేసి దిగిపోయిన జాన్ కాలిన్స్ ఉన్నాడు. ఎంఐటీలో ఆయనకూ ఫారెస్టర్‌కూ పక్కపక్క గదులు పడ్డాయి, మాటలు కలిశాయి, ఒక నగరం కంప్యూటర్‌లోకి ఎక్కింది. పేదలకు చవక ఇళ్ళు కట్టిస్తే ఊరు బాగుపడకపోగా చెడుతుందని ఆ లెక్క తేల్చింది. దానిమీద పెద్ద రగడే జరిగింది. ఆ లెక్కను ఎవరైనా తప్పు పట్టవచ్చు, కాని ఫారెస్టర్ తన మాట కింద తన పేరు పెట్టుకున్నాడు. తమరి ఏడు గడుల కింద ఎవరి పేరూ లేదు.

పేరు పెట్టిన సలహాలకు మా రాష్ట్రంలో కరువేమీ లేదని తమరు అనవచ్చు. నిజమే. అమరావతి ఒక్కదానికే ఎంతమంది! సారవంతమైన విజయవాడ, గుంటూరు నేలల మీద రాజధానిని పోగుచేయవద్దని శివరామకృష్ణన్ కమిటీ 2014లోనే చెప్పింది. ప్రణాళిక సింగపూర్ సంస్థలు గీశాయి. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. శాసనసభకు మొదట జపాన్ నుంచి మాకి సంస్థ బొమ్మ వేసింది, తర్వాత లండన్ నుంచి నార్మన్ ఫోస్టర్ సంస్థ వచ్చింది, 2017లో సినిమా దర్శకుడు రాజమౌళిని కూడా పిలిచారు. సభామందిరంలో తెలుగుతల్లి విగ్రహం మీద సూర్యకిరణాలు పడే ఏర్పాటొకటి ఆయన చూపించారు. 2019 డిసెంబరులో జి.ఎన్. రావు కమిటీ నివేదిక ఇచ్చింది. 2020 జనవరిలో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ ఇంకొకటి ఇచ్చింది. (మళ్ళీ బోస్టనే.) మధ్యలో ఆగిన పనులు 2025 మే 2న తిరిగి మొదలయ్యాయి. ఈ పదేళ్ళలో సలహాదారులు వచ్చారు, వెళ్ళారు. భూములిచ్చిన 29 గ్రామాల రైతులకు మాత్రం వెళ్ళే దారి లేదు, ముప్పై వేల ఎకరాలకు పైగా వరసలో పెట్టి ఎదురుచూశారు. తమరైతే గడువు తీరగానే మాయమవుతారు, ఆ విషయం తెర మీద ముందే రాసి ఉంటుంది. ఈ ఒక్క విషయంలో తమరిదే పైచేయి అని అర్జీదారు ఒప్పుకుంటాడు.

మా ఊరి సంగతి వేరు. ఇక్కడ 28 వార్డులు. 2019 అక్టోబరు 2న వార్డు సచివాలయాలు మొదలైనప్పుడు వార్డు కార్యదర్శుల్లో పరిపాలనకొకరు, సదుపాయాలకొకరు, పారిశుద్ధ్యానికొకరు, ప్లానింగుకొకరు, చదువుకూ డేటాకూ కలిపి ఒకరు, సంక్షేమానికొకరు వచ్చారు. తమరి బృందం కంటే ఎక్కువే. కాలవ పూడితే వెళ్ళి నిలదీయవచ్చు, అందుకు బంగారం ఖర్చు కాదు.

ఇక పల్లెల విషయం. ఇది కాస్త వివరంగా చెప్పక తప్పదు.

తమరి ద్వీపాల మీద నగరాల చుట్టూ సేద్యపు పల్లెలుంటాయి. ఆట పాత రూపంలో వాటి దగ్గర అడిగి తీసుకునే వీలుండేది, లేదా దోచుకునే వీలుండేది. దోచుకుంటే ఎక్కువ దక్కేది, కాని పల్లె మనసు విరిగేది. మితిమీరితే తిరగబడేది. ఇది ఎవరో జర్మన్ కుర్రాళ్ళ ఊహ అని ఆటగాళ్ళు అనుకుంటారు. నర్సీపట్నం వాళ్ళు అలా అనుకోనక్కర్లేదు. ఇక్కడి నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఎక్కే దారి అందుకు సాక్ష్యం. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండల్లో పోడుకు అడ్డంకులు పెరిగాయి. 1920ల మొదట్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్ల పనికి మన్యం వాళ్ళను బలవంతంగా తోలి, కూలి సరిగా ఇవ్వక నలిపాడు. బట్టిపనుకుల మునసబుగిరీ పోగొట్టుకున్న గాం గంటం దొర వంటి వాళ్ళు కడుపు మండి ఉన్నారు. అల్లూరి సీతారామరాజు వారిని కూడగట్టాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్ళారు. ముందుగా కబురు పెట్టి మరీ కొట్టేవారని, దాన్నే మిరపకాయ టపా అన్నారని ఈ వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. కాబట్టి పైవాళ్ళకు లేఖ రాయడం మా వైపు కొత్త కాదు. ఈ అర్జీకి మిరపకాయ కట్టలేదు, అంతే.

ఆ బాస్టియన్ కూడా తమరిలాంటివాడే: పై నుంచి వచ్చిన పురమాయింపులు నెరవేర్చడం, రోడ్డు ముందుకు జరిగిందా లేదా చూడటం. పట్టికలో రోడ్డు కనిపిస్తుంది, పల్లె మనసు కనిపించదు. సీతారామరాజును 1924 మేలో కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలోనే ఉంది. గంటం దొర తమ్ముడు మల్లు దొర జైలు అనుభవించి బయటికొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. తమరి ఆటలో తిరగబడిన పల్లె సెనేట్‌లో కూర్చునే వీలు ఎక్కడా లేదు. అర్జీదారు అంతటా వెతికాడు.

అందుచేత కోరేవి రెండే. పల్లెల పరిస్థితి కూడా తమరి పట్టికలో ఒక గడిగా చేర్చాలి, అదీ మొదటి గడిగా. రెండోది, రెండు వారాలకొక్కసారైనా తమరు ఒక సలహా రాతపూర్వకంగా ఇవ్వాలి, కింద సంతకంతో. తప్పుడు సలహా అయినా ఫరవాలేదు. రేవు తగలబడినప్పుడు పొరుగు రాజులు ఎవడి తెలివి ఇది అని అడిగితే చూపించడానికి అర్జీదారు దగ్గర ఒక కాగితం ఉంటుంది.

నకలు వర్తకుడు, సేనాపతి, కెప్టెన్, ప్రధాన పూజారిణి గార్లకు, తగు చర్య నిమిత్తం.

తమరి గడువు ముగిసే లోగా జవాబు దయచేయించ ప్రార్థన. గడువు దాటాక జవాబు రాసే అధికారం తమరికి ఉండదనీ, పొడిగింపుకు మళ్ళీ వంద నాణేలు కట్టాలనీ అర్జీదారుకు తెలుసు.