కొత్త బంతి ఎవరికి? తిట్లు ఎవరికి?

పుదుచ్చేరి ఓడిన మర్నాడు బీచ్ రోడ్డులో గాంధీ విగ్రహం దగ్గర కూర్చున్నవాళ్లంతా సెలెక్టర్లే. ఎడమచేతివాటం వాడు క్రీజులో పాతుకుపోతుంటే ఆఫ్ స్పిన్నర్‌ని ఎందుకు దించలేదు? కొత్త బంతి ఆ మీడియం పేసర్ చేతికిచ్చిన మేధావి ఎవడు? ప్రశ్న వాళ్లదే, జవాబూ వాళ్లదే: కోచ్. టాస్ ఓడినా కోచే, స్లిప్పులో క్యాచ్ జారినా కోచే, వాన కురిసి పాయింట్లు పోయినా కోచే. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మనకి కొత్తకాదు. కాకపోతే ఇక్కడ దుత్తకి జీతమిచ్చి మరీ పగలగొడతారు.

ఇంతకీ ఆ బంతి ఎవరెవరి చేతుల్లో తిరిగింది? 2018-19లో పుదుచ్చేరి తొలిసారి రంజీ ఆడింది. ఆ ఏడాది రాజస్థాన్ నుంచి పంకజ్ సింగ్ వచ్చి, రంజీల్లో 400 వికెట్లు తీసిన తొలి పేసరయ్యాడు. మరుసటి ఏడాది కర్ణాటక నుంచి వినయ్ కుమార్ వచ్చి పంకజ్‌ని దాటేశాడు. అంటే రంజీ పేసర్ల రికార్డుని పుదుచ్చేరి బౌలర్ దగ్గర్నుంచి పుదుచ్చేరి బౌలరే లాక్కున్నాడు. ఇద్దరిదీ ఈ ఊరు కాదు. అయితేనేం, గర్వపడటానికి ఊరితో పనేముంది?

2024 జనవరిలో ఢిల్లీని ఢిల్లీలోనే తొమ్మిది వికెట్ల తేడాతో చిత్తుచేశాం. పది వికెట్లు పడగొట్టిన గౌరవ్ యాదవ్ మధ్యప్రదేశ్ నుంచి వచ్చినవాడు. ఆ ఓటమితో ఢిల్లీవాళ్లు కెప్టెన్ యశ్ ధుల్‌ని దించేశారు. మన చేతిలో ఓడటం అంత నామర్దా అన్నమాట! ఆ గెలుపు తర్వాత మాత్రం విగ్రహం దగ్గర కోచ్ పేరెత్తినవాడు లేడు. గెలిపించింది గౌరవ్ కదా.

బయటి ఆటగాళ్లు రావడం తప్పుకాదు, ముగ్గురిని తెచ్చుకోమని నిబంధనలే చెబుతున్నాయి. తంటా అంతా స్థానికులై ఉండాల్సిన మిగతా ఎనిమిది మందితోనే. జట్టుకింకా రంజీ అరంగేట్రం కూడా కాకముందే, 2018 సెప్టెంబరులో, ఎనిమిది మంది ఆటగాళ్ల రిజిస్ట్రేషన్లను బీసీసీఐ రద్దు చేసింది. ఏడేళ్లకి, 2025 డిసెంబరులో, ఇండియన్ ఎక్స్‌ప్రెస్ ఇంకో సంగతి బయటపెట్టింది: పదిహేడు మంది ‘స్థానిక’ క్రికెటర్ల ఆధార్ కార్డుల్లో ఒకటే చిరునామా ఉందట. ఆ ఇంట్లో పొద్దున్నే స్నానాల గదికి బ్యాటింగ్ ఆర్డర్ ఎవరు వేస్తారో! అక్కడ మాత్రం ఓ మంచి కోచ్ అవసరమే.

ఆ నెలలోనే అండర్-19 కోచ్ తల పగిలింది. ఇది అలంకారం కాదు. జట్టులో చోటు దక్కని స్థానిక ఆటగాళ్లు బ్యాటుతో కొట్టారని ఫిర్యాదు, పోలీసు కేసు, నుదుటికి ఇరవై కుట్లు. ఎవరు ఆడాలో, ఎవరి చిరునామా ఎక్కడుండాలో తేల్చేవాళ్లు వేరే. కుట్లు పడ్డ నుదురు వేరే.

అమెరికాలో బేస్‌బాల్ మేనేజర్‌కీ ఇవే తిట్లు. పిచ్చర్‌ని త్వరగా మార్చినా తప్పే, ఆలస్యంగా మార్చినా తప్పే. ఒక్క కోనీ మాక్ మాత్రం ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌కి 1901 నుంచి 1950 దాకా చెక్కుచెదరని మేనేజర్. మేజర్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ ఓటములు ఆయన ఖాతాలోనే ఉన్నాయి. గెలుపులూ అందరికంటే ఎక్కువే అనుకోండి. అన్ని ఓడినా ఎందుకు ఊడబెరకలేదంటే, జట్టు యజమానుల్లో ఆయనా ఒకడు. మన కోచ్‌లకి తెలియని ఎత్తుగడ అదొక్కటే.

ఈ గొడవలో తెలుగువాడికో వాటా ఉంది. గోదారొడ్డున యానాంలో పుట్టినవాడు కాగితాల ప్రకారం నూటికి నూరుపాళ్లు పుదుచ్చేరి స్థానికుడు. వాడు ఇన్‌స్వింగర్ వేస్తే చూడటానికి యానాంలో ఎవరున్నారు? కాకినాడలో రైలెక్కి, ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దాటొచ్చి, పుదుచ్చేరి తుత్తిపట్టు గ్రౌండ్ నెట్స్‌లో పెద్దబౌలర్లు అలసిపోయాక ఓ రెండు ఓవర్లు వేయాలి. అప్పుడు అడుగుతారు, “ఎక్కడినుంచి బాబూ?” యానాం అంటాడు. “ఓహో, ఆంధ్రానా!”

ఈసారి కోచ్ కావాలని ప్రకటన వేస్తే ముసాయిదా నేను రాసిపెడతాను, పైసా వద్దు. ‘అర్హతలు: తమిళం, హిందీ, మౌనం. అనుభవం: తాను ఎంపిక చేయని జట్టుకి తాను బాధ్యత వహించి ఉండాలి. హెల్మెట్ ఎవరిది వారే తెచ్చుకోవాలి.’