తిథి చూసుకుని దయ

కనుమ పశువుల పండగ. ఆవుకి స్నానం, ఎద్దు కొమ్ములకి రంగు, మెడలో గంటలు, నుదుట పసుపూ కుంకుమా. ఏడాదంతా మనకి చాకిరీ చేసిన మూగజీవాల రుణం తీర్చుకునే సంస్కృతి మనదని శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా ప్రతి అరుగుమీదా ఆ రోజు వినిపిస్తుంది. అరుగు వెనక పెరట్లో నాటుకోడి పులుసు కుతకుతలాడుతుంటుంది. పసుపు దానికీ పట్టిస్తారు, కాకపోతే ఉప్పూ కారంతో కలిపి.

నేనూ తింటాను. మినపగారె ఆ పులుసులో నానాక దాని ముందు ఏ సిద్ధాంతమూ నిలబడదు. నా పేచీ కూరతో కాదు, కూరతోపాటు వడ్డించే కరుణతో.

"కోడి పశువేటి బావా? నాలుక్కాళ్లుండాల!" అన్నాడు మా బావమరిది. మరి మేక సంగతేమిటన్నాను. "అది ముక్కనుమకి" అన్నాడు. కన్యాశుల్కం 1892లో మొదట ఆడింది విజయనగరంలోనే కదా, గిరీశం మార్కు వాదనలకి ఇక్కడ కరువా?

ఆదివారం అరసవల్లి దేవుడికి, సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకి అని నీచు మానేసే ఇళ్లున్నాయి. మిగతా రోజుల్లో కోడి తరఫున మాట్లాడే దేవుడు లేడు. కార్తీకం నెలంతా అహింసే. పోలిపాడ్యమినాడు అరటిదొప్పల్లో దీపాలు వదిలి పోలిని స్వర్గానికి పంపాక, అదే దారిన కోళ్లని పంపడానికి దుకాణం ముందు వరస కడతాం.

ఊరిదేవత ముందు ఇంకా గొప్ప ఏర్పాటు. పసుపునీళ్లు చల్లితే జీవం తల విదిలించిందా, బలికి ఒప్పుకున్నట్టే. నెత్తిమీద చన్నీళ్లు పడితే నేనూ విదిలిస్తాను.

చట్టం మనకంటే సూటిగా మాట్లాడింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం తిండికోసం కోయడాన్ని నేరమనలేదు. బాధపెడుతూ మోసుకెళ్లడాన్ని మాత్రం నేరమంది. భోగి ముందు సంతనుంచి వచ్చే మోటారుసైకిళ్లని చూడండి. హేండిలుకి అటూ ఇటూ కోళ్లు, కాళ్లు కట్టేసి, తలకిందులుగా, ప్రతి గోతికీ రెక్కలు టపటపా కొట్టుకుంటూ. బండి నడిపేవాడు ఆ వారం నీచు ముట్టని నిష్ఠాపరుడే కావచ్చు. కోడిని బుట్టలో పెట్టి తేవడానికి ఏ తిథీ అడ్డురాదు. అయినా ఆ బుట్టగురించి ఏ ప్రవచనంలోనూ నేను వినలేదు.

అమెరికావాళ్లు మనకేం తీసిపోలేదు. 1989లో పెద్ద బుష్ ఒక టర్కీకోడికి క్షమాభిక్ష పెట్టాడు. అప్పట్నించి థాంక్స్‌గివింగ్ ముందు వైట్‌హౌస్‌లో ఏటా అదే తంతు. ఒకటో రెండో వదిలి, కోట్లలో తింటారు. మనమూ మొదలుపెట్టొచ్చు. భోగినాడు కలెక్టరుగారు ఓ పుంజుకి దండేసి, ఫొటో దిగి, ప్రాణభిక్ష పెట్టి వదలాలి. చిక్కొక్కటే. అది గనక మంచి డేగపుంజు అయితే, బంగళా గేటు దాటకముందే దానిమీద పందేలు మొదలవుతాయి.