డోలక్ పక్కన బేస్ ఉండేది

మా రోజుల్లో సినిమా పాట నడక డోలక్ వాయించేవాడి చేతిలో ఉండేది. ఇప్పుడు కంప్యూటర్ తెర మీది గళ్ళలో ఉంటోంది. ఈ మాటంటే మా మనవడు, "అప్పట్లో తప్పులు దిద్దే సౌకర్యం లేదు తాతయ్యా, అంతే" అంటాడు. నేనొప్పుకోను.

మద్రాసులో వడపళని, సాలిగ్రామం అన్నీ కలిపి మాకు కోడంబాక్కమే. విజయా గార్డెన్స్‌లోనో, ఏవీఎం ఆర్.ఆర్. థియేటర్లోనో, ప్రసాద్ స్టూడియోలోనో పొద్దున్నే కాల్షీట్. తబలా, డోలక్, బేస్, వయొలిన్ల వరసలు ఒకే హాల్లో. పాడేవాళ్ళు పక్క బూత్‌లో. ఒక్కడు తప్పితే అందరికీ మళ్ళీ మొదటినుంచీ. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే పది మీటర్ల అవతలి వయొలిన్ డోలక్ దగ్గరికి చేరేసరికి దాదాపు 30 మిల్లీసెకన్లు ఆలస్యం. ఆ ఎడం ఎరిగి చెయ్యి వేసినవాడే అక్కడ నిలిచేవాడు. కుడిచేతి దెబ్బ కచ్చితంగా పడి, ఎడమచేతి లోతైన మోత, గుమ్కీ, రవ్వంత వెనక్కి లాగితే, బేస్ వాయించేవాడు ఆ గుమ్కీని పట్టుకునే తీగ మీటేవాడు. అప్పుడిక వినేవాళ్ళ కాలు నిలిచేది కాదు. కాలం పరిగెత్తితే కండక్టర్ చెయ్యి అడ్డం పెట్టేవాడు, ఈడిస్తే కసిరేవాడు. ఆ రెంటికీ మధ్య సందులో ఉండేది నడక.

జర్మనీలో గోటింగెన్ శాస్త్రజ్ఞుల పరిశోధన ఒకటి 2022లో వచ్చింది. జాజ్‌లో సోలో వాయించేవాడు దెబ్బ మీది స్వరాలను తాళవాద్యాలకన్నా రవ్వంత ఆలస్యంగా వేసి, దెబ్బల నడిమి స్వరాలను మాత్రం సరిగ్గా కలిపితే ఊపు పెరుగుతోందని తేల్చారు. 2013లో ఇంకొకటి వచ్చింది. చిన్న దరువుల్లో దెబ్బల్ని కావాలని జరిపినకొద్దీ శ్రోతలకు ఊపు తగ్గిందట. అదీ నిజమే. కొలిచి జరిపిన ఆలస్యంలో, ఒకడి చేతిని ఇంకొకడు విన్న జాడ ఎక్కడుంటుంది?

ఒకరినొకరు వింటేనే ఊపు పుడుతుందంటే నమ్మనివాళ్ళు వడపళని గుడి ఉత్సవంలో నాదస్వరం వెనక రెండు డోళ్ళు కలిసి వాయిస్తుండగా వినండి. దండం పెట్టుకుంటున్నవాళ్ళ తలలు కూడా ఊగుతాయి.

ఇప్పుడో? డోలక్ కుర్రాడు గాజుగదిలో ఒంటరిగా, చెవుల్లో తాళం కొట్టే క్లిక్ పెట్టుకుని కూర్చుంటాడు. బేస్ మర్నాడు హైదరాబాద్ నుంచి ఫైలుగా వస్తుంది. ఇంజినీరు రెంటినీ ఒకే గీత మీదికి నెడతాడు. అన్నీ ఒకే క్షణాన పడతాయి, ఆపైన సౌండ్ పెంచుతారు. యంత్రాల మీద నాకు కక్ష లేదు. 1992లో ఈ కోడంబాక్కం నుంచే 'రోజా' పాటలు వచ్చాయి; కీబోర్డు ఎంత అందంగా పలుకుతుందో అప్పుడే విన్నాను. ఒకరినొకరు వినకుండా వాయించడమే నాకు మింగుడుపడదు.

ఇరవై వయొలిన్లు పెట్టమని అడగను, ఖర్చు నాకూ తెలుసు. తబలా, డోలక్, బేస్, ఈ ముగ్గుర్నీ ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టండి. క్లిక్ కావాలంటే ఉంచుకోండి. వాళ్ళు వేసిన దెబ్బల్ని మాత్రం తర్వాత జరపకండి.